నిజాన్ని దాచే పని ఎవరిది?

అందరూ ఒకే పక్షాన కూర్చుని ఒక నేరాన్ని ఛేదించే బోర్డ్ గేమ్‌ల మీద ఆటగాళ్ల ఫిర్యాదులు చాలాకాలంగా పెద్దగా మారలేదు. నియమాల పుస్తకం చదివేసరికే సాయంత్రం అయిపోతుందని ఒకరంటారు. ఒకసారి ఆడాక పెట్టెను అటక మీద పెట్టేయాల్సిందేనని ఇంకొకరు. గొంతు పెద్దదిగా ఉన్నవాడే అన్నీ తేల్చేస్తాడని, మిగతావాళ్లు చూస్తూ కూర్చోవాల్సి వస్తుందని మరొకరు. ఇంతా చేసి చివర్లో షెర్లాక్ హోమ్స్ నాలుగు చోట్లకు వెళ్లి కేసు తేల్చేశానని చెప్పి చిన్నబుచ్చుతాడని చాలామంది. ఇవే ఆటల్ని ప్రేమించేవాళ్లు కూడా దాదాపు ఇవే కారణాలు చెబుతారు. చదవడానికి అంత ఉంది కాబట్టే ఆ లోకంలోకి వెళ్లగలిగామని, మళ్లీ ఆడలేం కాబట్టే ఆ కేసు మనసులో నిలిచిపోయిందని అంటారు. ఇవన్నీ విడివిడి అభిరుచులుగా కనిపిస్తాయి గానీ, ఈ ఆటల చరిత్రను వరుసగా పెట్టి చూస్తే అన్నిటికీ మూలం ఒక్కటే అనిపిస్తుంది. ఆటలోంచి ప్రత్యర్థిని తీసేస్తే మనిషి ఒకడు తగ్గుతాడు గానీ అతను చేసే పని తగ్గదు. ఆ పనిని కాగితమో, కార్డులో, ఒక యంత్రమో చేయాలి. సహకార పరిశోధన ఆటల్లో జనం మెచ్చుకునే సంక్లిష్టత, తిట్టుకునే సంక్లిష్టత రెండూ ఆ బదిలీలోంచే పుట్టాయి.

ప్రత్యర్థి చేసే పని ఏమిటో ముందు చూడాలి. పిల్లలు రాజు, మంత్రి, దొంగ, పోలీసు అని చీటీలు రాసి ఆడేటప్పుడు దొంగ ఎవరన్నది ఒక మనిషి గుప్పిట్లో ఉంటుంది. ఆ మనిషి నవ్వు ఆపుకోవడమే ఆటలోని కష్టం. నియమాలు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు, ఎందుకంటే నిజాన్ని దాచడం, అనుమానాన్ని పక్కవాడి మీదికి మళ్లించడం, చివరికి చీటీ విప్పి తప్పొప్పులు తేల్చడం అన్నీ ఎదురుగా ఉన్న మనుషులే చేస్తున్నారు. ఇప్పుడు అందరినీ పోలీసులుగా మార్చండి. దొంగ చీటీ ఎక్కడ పెట్టాలి? దాన్ని ఎవరూ ముందే చూడకుండా ఎలా కాపాడాలి? తొందరపెట్టేవాళ్లు ఎవరు? తప్పు చెబితే తప్పని ఎవరు చెప్పాలి? అపరాధ పరిశోధన ఆటల చరిత్ర ఈ ప్రశ్నలకు తరతరాలుగా వెతుక్కున్న జవాబుల చరిత్ర.

మొదటి జవాబు పుస్తకాల్లోంచి వచ్చింది. 1920ల చివరికి ఇంగ్లండులోనూ అమెరికాలోనూ డిటెక్టివ్ నవల పాఠకుడికీ రచయితకూ మధ్య పోటీగా మారింది. 1929లో రోనాల్డ్ నాక్స్ అపరాధ పరిశోధక కథ పాటించాల్సిన పది నియమాలు రాశాడు. అదే ఏడాది ఎల్లరీ క్వీన్ పేరుతో వచ్చిన మొదటి నవలలో ముగింపుకు ముందు కథ ఆపి, ఆధారాలన్నీ మీ ముందే ఉన్నాయి, హంతకుడెవరో చెప్పండని పాఠకుణ్ని సవాలు చేశారు. ఈ పోటీని అక్షరాలా ఆటవస్తువుగా మార్చినవాళ్లు డెనిస్ వీట్లీ, జె. జి. లింక్స్. 1936లో లండన్‌లోని హచిన్‌సన్ సంస్థ ప్రచురించిన ‘మర్డర్ ఆఫ్ మయామీ’ నవల కాదు, పోలీసు ఫైలు. టెలిగ్రాములు, వాంగ్మూలాలు, ఫొటోలు, చేతిరాతతో ఉన్న ఉత్తరాలు, వెంట్రుకలు, అగ్గిపుల్ల, మరక పడ్డ గుడ్డముక్క, అన్నీ నిజంగానే పేజీల మధ్య పెట్టారు. జవాబు చివర సీలు వేసిన పేజీల్లో ఉండేది. దీని తర్వాత 1939 దాకా మరో మూడు ఫైళ్లు వచ్చాయి. ఒక కుటుంబమంతా బల్ల చుట్టూ చేరి వీటిని చూడటానికి అడ్డేమీ లేదు. ఆ అర్థంలో ఇవి సహకార పరిశోధన ఆటలకు తొలి రూపాలు. వాటి బలం, బలహీనత ఒకటే. ప్రత్యర్థి పనిలో నిజాన్ని దాచడం అనే ఒక్క భాగాన్నే సీలు చేస్తోంది. మిగతా భాగాలు ఎవరూ చేయడం లేదు. ఏ ఆధారం ముందు చూడాలో ఎంచుకోవాల్సిన పని లేదు, ఆలస్యం చేస్తే పోయేదేమీ లేదు. అన్నీ ఒకేసారి ఒళ్లో వచ్చి పడతాయి. ఒకసారి సీలు చించితే మళ్లీ అతికించలేం. ఈనాటి ఆటగాళ్లు ఒకేసారి ఆడే ఆటలంటూ చేసే ఫిర్యాదు 1936లోనే పుట్టిందన్నమాట.

ఆ తర్వాత వచ్చిన క్లూడో ఈ సమస్యకు పూర్తిగా వేరే దారి పట్టింది. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆంథొనీ ప్రాట్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దీన్ని రూపొందించి 1944 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. బోర్డు బొమ్మ గీసింది ఆయన భార్య ఎల్వా. లీడ్స్‌లోని వాడింగ్‌టన్స్ సంస్థ ఆట తీసుకుంది గానీ, యుద్ధానంతరం సరుకుల కొరత వల్ల 1949 దాకా బజారుకు రాలేదు. ఆరుగురు అనుమానితులు, ఆరు ఆయుధాలు, తొమ్మిది గదులు. మూడు కార్డులు కవరులోకి వెళ్తాయి, మిగతా పద్దెనిమిది ఆటగాళ్లకు పంచుతారు. 324 జవాబుల్లో ఒకటే నిజం. కవరు సీలు లాంటిదే గానీ, దాన్ని ఎవరూ రాయలేదు, కార్డులు కలిపితే దానంతట అదే పుట్టింది. అందుకే ఎన్నిసార్లయినా ఆడొచ్చు. నిజం వైపు నడిపించే ఆధారాలు ఎదురుగా కూర్చున్న పోటీదారుల చేతుల్లో ఉన్నాయి. తప్పుడు ఆరోపణ చేసి గెలిచే అవకాశం పోగొట్టుకున్నవాడు కూడా బల్ల వదిలిపోకూడదు, మిగతావాళ్లు అడిగితే తన కార్డు చూపిస్తూనే ఉండాలి. అంటే అతను ఆటగాడిగా ముగిసిపోయాక కూడా ప్రత్యర్థిగా ఉద్యోగంలో కొనసాగుతాడు. ఈ చిన్న నియమంలో ప్రాట్ ప్రతిభ కనిపిస్తుంది. ఇదే ఆటను సహకార ఆటగా మార్చి చూడండి. అందరూ కార్డులు బల్ల మీద పరిచేస్తే నిమిషంలో జవాబు తేలిపోతుంది. పోటీ తీసేస్తే క్లూడోలో ఆటే మిగలదు. హత్య ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు ఇక్కడ చోటు కూడా లేదు. కార్డులు కలపడం వల్ల పుట్టిన నేరానికి కారణం ఉండదు. కలిసి ఆలోచించేవాళ్లకు కావాల్సింది ఆ కారణమే. దాన్ని ఎవరో ఒకరు కూర్చుని రాయాలి. రాసినదాన్ని దాచాలి. అక్కడితో మళ్లీ సీలు దగ్గరికే వచ్చాం.

సీలు కంటే తెలివైన ఏర్పాటు ఒకటి అప్పటికే వేరే రంగంలో ఉంది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ ప్రవేశపెట్టిన యుద్ధ క్రీడ క్రీగ్‌స్పీల్‌లో ఇరుపక్షాల మధ్య అంపైర్ ఉండేవాడు. శత్రువు ఎక్కడున్నాడో అతనికి తెలుసు, ఎవరికి ఎంత కనబడాలో అతనే చెప్పేవాడు. అర్ధ శతాబ్దం గడిచేసరికి ఆ ఆట నియమాలు, పట్టికలు మోయలేనంత అయ్యాయని అధికారులే విసుక్కున్నారు. 1876లో వెర్డీ డు వెర్నాయ్ అనే ప్రష్యా అధికారి వాటిలో చాలావాటిని తీసేసి, అనుభవం ఉన్న అంపైర్ విచక్షణకే వదిలేయమన్నాడు. నా వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. మంచి మనిషి అంపైర్‌గా ఉంటే నియమాలు తగ్గించుకోవచ్చు. ఆ మనిషి లేకపోతే అతని విచక్షణ అంతా నియమాలుగా రాసుకోవాలి. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1981లో ఖేయోసియం సంస్థ కోసం శాండీ పీటర్సన్ రాసిన కాల్ ఆఫ్ కథూలూ ఈ అంపైర్‌నే కథకుడిగా మలిచాయి. కాల్ ఆఫ్ కథూలూలో ఆటగాళ్లంతా పరిశోధకులే. పాత దస్తావేజులు తిరగేసి, సాక్షుల్ని ప్రశ్నించి, ఒక భయంకర రహస్యం వైపు నడుస్తారు. బల్ల అవతల కూర్చున్న కథకుడికి, అంటే కీపర్‌కు, మాత్రం అంతా తెలుసు. వాళ్లు అనుకోని ప్రశ్న వేస్తే అప్పటికప్పుడు జవాబు కల్పిస్తాడు. దారి తప్పితే మరో ఆధారం వాళ్ల కాళ్ల దగ్గర పడేస్తాడు.

అదే ఖేయోసియం 1987లో రిచర్డ్ లౌనియస్ రూపొందించిన ఆర్ఖమ్ హారర్ తెచ్చినప్పుడు ఆ కీపర్‌ని బల్ల మీంచి లేపేశారు. పరిశోధకులందరూ ఒక పక్షం, ఆటే రెండో పక్షం. ఊళ్లో ద్వారాలు తెరుచుకోవడం, రాక్షసులు వీధుల్లో తిరగడం, వినాశనం ఒక్కో గడి ముందుకు జరగడం అన్నీ కార్డులు, పాచికలు, నియమాలే చూసుకోవాలి. 2005లో ఫాంటసీ ఫ్లైట్ సంస్థ దీన్ని తిరగరాసి విడుదల చేసేసరికి వందల కార్డులు, మూడు నాలుగు గంటల ఆట, ఏది ముందు ఏది తర్వాత అని మాటిమాటికీ నియమాల పుస్తకం తిప్పాల్సిన పరిస్థితి. ఆటగాళ్లు దీన్ని బరువైన ఆట అన్నారు. ఆ బరువంతా లేచిపోయిన కీపర్‌దే. కానీ ఇక్కడ ఒక ముఖ్యమైన నష్టం జరిగింది, దాన్ని నిక్కచ్చి ఆటగాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. 2005 రూపంలో ‘క్లూ’ అంటే ఒక బిళ్ల. ఐదు బిళ్లలు పోగేస్తే ఒక ద్వారాన్ని శాశ్వతంగా మూసేయొచ్చు. ఆ బిళ్ల మీద ఏ వాక్యమూ లేదు, దానిలోంచి ఏమీ ఊహించనక్కర్లేదు. కాగితపు అంపైర్ ప్రత్యర్థి పనిలో ఒత్తిడి పెట్టడం అనే భాగాన్ని అద్భుతంగా నేర్చుకున్నాడు, నిజాన్ని దాచడం మాత్రం మర్చిపోయాడు. పరిశోధకుడి టోపీ పెట్టుకున్న సాహస క్రీడగా అది గొప్పదే. పరిశోధనగా మాత్రం చూడలేం.

ఇందుకు సరిగ్గా వ్యతిరేక దిశలో వెళ్లిన ఆట 1987 నాటి ఆర్ఖమ్ కంటే ఆరేళ్ల ముందే వచ్చింది. సాన్‌ఫ్రాన్సిస్కోలోని స్లూత్ పబ్లికేషన్స్ 1981లో విడుదల చేసిన షెర్లాక్ హోమ్స్ కన్సల్టింగ్ డిటెక్టివ్‌ను రేమండ్ ఎడ్వర్డ్స్, సుజాన్ గోల్డ్‌బర్గ్, గ్యారీ గ్రేడీ తయారు చేశారు. పెట్టెలో పాచికలు లేవు, పావులు లేవు. విక్టోరియా కాలపు లండన్ మ్యాపు, పేర్లూ చిరునామాలూ ఉన్న డైరెక్టరీ, ఒక్కో కేసుకు ఒక్కో రోజు టైమ్స్ పత్రిక, కేసుల పుస్తకం. అంతే. ఆటగాళ్లు హోమ్స్ కాదు, ఆయనకు వీధి వార్తలు మోసుకొచ్చే బేకర్ స్ట్రీట్ కుర్రాళ్లు. హత్య జరిగిందని చెప్పాక ఇక ఎటు వెళ్లమనీ పుస్తకం చెప్పదు. శవ పరీక్ష చేసిన బార్ట్స్ ఆసుపత్రికి వెళ్లాలా, పోలీసు ఇన్‌స్పెక్టర్ లెస్ట్రేడ్‌ను కలవాలా, పత్రికలో మూలన ఉన్న చిన్న ప్రకటన ఇచ్చినవాడి ఇంటికి వెళ్లాలా అన్నది మనమే తేల్చుకుని, డైరెక్టరీలో చిరునామా వెతికి, పుస్తకంలో ఆ నంబరు దగ్గర ఉన్నది చదవాలి. పాత కేసుల పత్రికల్లో ఉన్న కబురు కూడా తర్వాతి కేసులో పనికి రావొచ్చు. నియమాలు పది నిమిషాల్లో అర్థమైపోతాయి. అయినా దీన్ని ఆడినవాళ్లు చాలా కష్టమైన ఆట అంటారు. కారణం, సంక్లిష్టత ఇక్కడ నియమాల్లో లేదు, పాఠంలో ఉంది. వీట్లీ ఫైలులో ఆధారాలన్నీ ఒకేసారి ఒళ్లో పడేవి కదా, ఇక్కడ అవి లండన్ అంతటా వెదజల్లి ఉన్నాయి. నిజాన్ని సీలు కింద దాచే బదులు, వందల చిరునామాల మధ్య, పనికిరాని వార్తల మధ్య బహిరంగంగానే దాచారు. జర్మనీలో 1979 నుంచి ఇస్తున్న ‘ఏటి మేటి ఆట’ బహుమతిని 1985లో ఈ ఆట జర్మన్ రూపానికి ఇవ్వడం నా దృష్టిలో ఆ న్యాయనిర్ణేతలు తీసుకున్న ధైర్యమైన నిర్ణయాల్లో ఒకటి. బోర్డు మీద పావు జరపని ఆటను వాళ్లు ఆటగా గుర్తించారు.

ఇది ఆట ఎలా అవుతుంది, నలుగురు కలిసి పుస్తకం చదవడమే కదా అన్న అభ్యంతరం అప్పటి నుంచీ ఉంది. అది తేలిగ్గా తోసేయదగ్గది కాదు. ఇందులో ఎత్తుగడలు లేవు, వనరుల లెక్క లేదు, ఒక్క వాక్యం చదివేస్తే ఇక దాన్ని చదవనట్టు ఉండలేం. అయితే పుస్తకం చదవడంలో ఏ పేజీ తర్వాత ఏ పేజీ అన్నది రచయిత చేతిలో ఉంటుంది. ఈ ఆటలో అది బల్ల చుట్టూ ఉన్నవాళ్ల వాదన చేతిలో ఉంటుంది. మంచి కేసులో ప్రధానమైన నిర్ణయం ఏం చదవాలన్నది కాదు, ఏం చదవకుండా వదిలేయాలన్నది. ఈ సాక్షి చెప్పినదాన్ని బట్టి ఫలానా వ్యక్తి అబద్ధమాడుతున్నాడని ఒకరంటే, అలా అయితే పత్రికలోని రైలు వార్తకు అర్థమేమిటని మరొకరు అడుగుతారు. ఊహ కట్టడం, దానికి ఎదురు సాక్ష్యం తేవడం, ఓడిన ఊహను వదులుకోవడం, అన్నీ నోటితోనే జరుగుతాయి. ఆ వాదనే ఆట. కాగితం దానికి ముడిసరుకు సమకూర్చి పక్కకు తప్పుకుంటుంది. ఇక్కడ కాగితపు అంపైర్‌కున్న పెద్ద లోపం కూడా ఒప్పుకోవాలి. ఒక చిరునామా తప్పు పడినా, ఒక తేదీ మరో తేదీతో పొసగకపోయినా, మనిషి అంపైర్ అయితే అప్పటికప్పుడు సర్దుకుంటాడు. కాగితం సర్దుకోలేదు. అందుకే ఈ తరహా ఆటల్లో ఒక్క అచ్చుతప్పు మీద ఆటగాళ్లు అంత కోపంగా మాట్లాడతారు. మామూలు ఆటలో అచ్చుతప్పు చిరాకు పెడుతుంది. ఇక్కడ అది కేసునే చంపేస్తుంది.

ఒక్కడే అన్నీ తేల్చేసే పెత్తనం సమస్య వేరే దిక్కు నుంచి వచ్చింది. 2000లో రైనర్ క్నీట్సియా రూపొందించిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆట, 2008లో మాట్ లీకాక్ పాండెమిక్ సహకార ఆటల్ని ఇంటింటికీ తెచ్చాయి. వాటిలో ప్రత్యర్థి ఒక కార్డుల దొంతర. అది ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు, బల్ల మీద దాదాపు అంతా అందరికీ కనబడుతుంది. అందువల్ల బాగా లెక్క వేయగలిగినవాడు మిగతా ముగ్గురి వంతులూ తానే ఆడేయగలడు. దీనికి ఆట రూపకర్తలు ఎక్కువగా ఎంచుకున్న మందు నోరు కట్టేయడం. 2013లో జర్మన్ బహుమతి పొందిన హనాబీలో మన కార్డులు మనకు కనబడవు, పక్కవాడికి ఏం చెప్పాలన్నా లెక్క ప్రకారమే చెప్పాలి. ఈ మందు పరిశోధన ఆటకు విషం. వాదనే ఆట అయినచోట మాటను నిషేధిస్తే ఇక మిగిలేదేముంది? దీనికి ఒక అందమైన మినహాయింపు ఉంది, అది మిస్టీరియం. ఉక్రెయిన్‌కు చెందిన ఒలెక్సాండర్ నెవ్‌స్కీ, ఒలెగ్ సిదొరెన్‌కో రూపొందించిన ఈ ఆట 2015లో ఫ్రాన్స్‌లోని లిబెలూద్ సంస్థ చేతుల మీదుగా ప్రపంచమంతా చేరింది. చనిపోయిన మనిషి దయ్యమై ఒక ఆటగాడి రూపంలో బల్ల దగ్గరే ఉంటాడు. హంతకుడు, చోటు, ఆయుధం అతనికి తెలుసు, కానీ నోరు విప్పకూడదు. కలల్లాంటి బొమ్మల కార్డులు మాత్రం పంపగలడు. నిజం మళ్లీ ఒక మనిషి దగ్గరికి వచ్చింది, అయితే ఆ మనిషి దాన్ని దాచాలని కాదు, చెప్పాలని తపిస్తున్నాడు. మాట కట్టేసింది ఒక్కడికే. మిగతావాళ్లు ఎంతైనా వాదించుకోవచ్చు. పెత్తనం చేసేవాడికి ఇక్కడ పట్టు దొరకదు, ఎందుకంటే నీలం రంగు పడవ బొమ్మ వంటమనిషిని సూచిస్తుందా, తోటమాలినా అన్నదానికి లెక్క లేదు. హోమ్స్ ఆటలోనూ పెత్తనం తక్కువే, కారణం వేరు. ఒకరి చేతిలో పత్రిక, ఒకరి చేతిలో డైరెక్టరీ, ఒకరి ముందు మ్యాపు ఉంటే ఎవరికీ మొత్తం కనబడదు. చదవాల్సిన భారమే అధికారాన్ని పంచుతుంది. పాఠం మరీ ఎక్కువైందని విసుక్కునేవాళ్లు ఈ లాభాన్ని లెక్కలోకి తీసుకోరు.

మనిషి అంపైర్ మంచివాడా, యంత్రం మంచిదా అన్న ప్రశ్నకు ఒకే ఆట రెండు రూపాల్లో సమాధానం ఇచ్చింది. ఫాంటసీ ఫ్లైట్ 2011లో విడుదల చేసిన మాన్షన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్‌లో ఒక ఆటగాడు కీపర్. కథలో ఏ మలుపు నిజమో అతనే ముందు ఎంచుకుని, దాని ప్రకారం భవనంలోని గదుల్లో ఆధారాల కార్డులు పేర్చాలి. ఒక్క కార్డు తప్పు గదిలో పడిందా, రెండు గంటల తర్వాత కథ అతుక్కోదు. ఆ పేర్చే పని చాలామంది కీపర్లను భయపెట్టింది. 2016లో వచ్చిన రెండో రూపంలో కీపర్‌ని తీసేసి ఆ ఉద్యోగాన్ని యాప్‌కు ఇచ్చారు. అది లేకుండా ఆట ఆడలేం. ఆటగాళ్లు చెప్పిన మంచి అంతా నిజమే. పేర్చడం సులువైంది, తప్పు జరిగే వీలు పోయింది, అందరూ ఒకే పక్షాన ఆడొచ్చు, తలుపు తెరిచేదాకా అవతల ఏముందో ఎవరికీ తెలియదు. చెప్పిన చెడు కూడా నిజమే. బల్ల చుట్టూ ఉన్న చూపులు తెర మీదికి పోయాయి. యాప్ ఎందుకలా తీర్పిచ్చిందో అడగలేం. ఎవరో ఆ యాప్‌ను నిలబెడుతున్నంత కాలమే పెట్టెకు ప్రాణం. యంత్రమే ఆదర్శ అంపైర్ అనేవాళ్లు ఒక తేడాను గమనించాలి. దాచడంలో, ఒత్తిడి పెట్టడంలో, తీర్పు చెప్పడంలో అది కాగితం కంటే నేర్పరి. కానీ వెర్డీ డు వెర్నాయ్ నమ్ముకున్న విచక్షణ దానికి లేదు. ఆటగాళ్లకు తట్టిన కొత్త ఆలోచనకు అది జవాబు కల్పించలేదు, ముందే రాసిపెట్టినవాటిలో ఒకటి తీసి ఇస్తుంది. నియమాల పుస్తకంలో కనిపించే సంక్లిష్టత తెర వెనక్కి వెళ్లింది గానీ మాయం కాలేదు.

ఒకేసారి ఆడగలగడం అన్న ఫిర్యాదు గత పదేళ్లలోనే బాగా పదునెక్కింది. 2015లో మాన్యుయెల్ రోజోయ్ రూపొందించిన టైమ్ స్టోరీస్‌లో ఒక పెట్టెకు ఒకే కథ. 2016 నుంచి జర్మనీ సంస్థ కాస్మోస్ తెస్తున్న ఎగ్జిట్ ఆటల్లో కార్డులు కత్తిరించి, మడిచి, చించి జవాబు కనుక్కోవాలి, ఆట అయ్యాక మరొకరికి ఇవ్వడానికి ఏమీ మిగలదు. 2017లో వీటికి జర్మన్ బహుమతుల్లోనే కాస్త అనుభవం ఉన్న ఆటగాళ్ల కోసం ఇచ్చేది దక్కింది. పోలండ్‌లోని పోర్టల్ గేమ్స్ కోసం ఇగ్నాసీ ట్రెవిచెక్ బృందం 2018లో చేసిన డిటెక్టివ్‌లో ఒకదానితో ఒకటి ముడిపడ్డ ఐదు కేసులున్నాయి. ఆటగాళ్లు ఒక వెబ్‌సైట్‌లో పరిశోధక సంస్థ రికార్డులు తెరవాలి, దొరికిన ఆధారాల కోడ్‌లు అక్కడ సరిపోల్చాలి. బయటి ఇంటర్నెట్‌లో నిజమైన చరిత్రను వెతకడాన్ని కూడా ఆట ప్రోత్సహిస్తుంది. ప్రతి పనికీ గంటలు ఖర్చవుతాయి, గడువులోపు అన్నీ చూడలేం. హోమ్స్ ఆటలో లేని ఒత్తిడిని ఆర్ఖమ్ దగ్గర నేర్చుకుని, ఆర్ఖమ్‌లో లేని వాక్యాన్ని హోమ్స్ దగ్గర తెచ్చుకుని, రెండిటినీ కలిపిన ప్రయత్నమిది. ఒకసారి ఆడితే అయిపోతుంది నిజమే. కానీ ఎన్నిసార్లయినా ఆడగలిగే పరిశోధన ఎలా ఉంటుందో క్లూడో చూపించింది కదా. నేరానికి కారణం ఉండదు, సాక్షికి గతం ఉండదు. కారణం కావాలంటే రచన కావాలి. రచన అన్నాక ఒకసారి తెలిసింది మళ్లీ తెలియకుండా పోదు. ధర గురించి ఫిర్యాదు చేయడం న్యాయమే. కొన్ని పెట్టెల్లో ఒక్క సాయంత్రానికి వసూలు చేసే డబ్బు నిజంగానే ఎక్కువ. చింపక్కర్లేని కార్డుల్ని చింపించడం కూడా నాకు నచ్చదు, ఇంకో కుటుంబానికి ఇచ్చుకునే వీలు పోతుంది. కానీ ఒకసారితో అయిపోవడమే లోపం అనడం, ఈ రకం ఆటను ఈ రకం ఆట అయినందుకు తప్పుపట్టడమే.

నా వాదనకు ఎదురు సాక్ష్యంగా 2020లో వచ్చిన మైక్రోమాక్రో క్రైమ్ సిటీని చూపించొచ్చు. యోహానెస్ సిష్ రూపొందించిన ఈ ఆట మరుసటి ఏడాది ఏటి మేటి ఆట బహుమతి అందుకుంది. 75 సెంటీమీటర్ల వెడల్పు, 110 సెంటీమీటర్ల పొడవున్న ఒకే ఒక్క నలుపు తెలుపు నగర చిత్రం, పదహారు కేసులు. నియమాలు దాదాపు లేవు, చదవాల్సింది పెద్దగా లేదు, ప్రత్యర్థీ లేడు. మరి సంక్లిష్టత ఎక్కడికి పోయింది? బొమ్మలోకి. ఒకే మనిషిని వేర్వేరు క్షణాల్లో, వేర్వేరు వీధుల్లో గీశారు, అతన్ని వెనక్కి వెంబడిస్తూ వెళ్తే అతను చేసిన పని బయటపడుతుంది. లండన్ డైరెక్టరీ మోసిన బరువును ఇక్కడ గీతలు మోస్తున్నాయి. అంతవరకు ఇది నా వాదనను బలపరిచేదే. అయితే ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. భారాన్ని ఆటగాడికి తెలియకుండా మోయించవచ్చని, పెద్దవాళ్లూ పిల్లలూ ఒకే బల్ల దగ్గర సమానంగా పరిశోధించవచ్చని ఈ ఆట రుజువు చేసింది. బరువైన ఆటల రూపకర్తలు దీని ముందు కాస్త తలదించాలి. దీనికీ ఒక హద్దుంది. బొమ్మ అబద్ధం చెప్పదు. కనబడిందంతా జరిగిందే. సాక్షి మాటను నమ్మాలా వద్దా అన్న సందేహం ఈ నగరంలో పుట్టే వీలు లేదు. ఆ సందేహం కావాలనుకునేవాళ్లు మళ్లీ వాక్యాల దగ్గరికి, వాటి బరువు దగ్గరికి రాక తప్పదు.

ఇక హోమ్స్ స్కోరు. ఈ మధ్య సంచికల్లో కేసు ముగిశాక ప్రశ్నలకు జవాబులు చెప్పి మార్కులు వేసుకోవాలి. హోమ్స్ మార్కులు 100. ఆయన కంటే ఎక్కువ చోట్లకు వెళ్తే ఒక్కో చోటుకు ఐదు మార్కులు పోతాయి, తక్కువ చోట్లతో తేలిస్తే ఐదేసి కలుస్తాయి. ఎన్నో బృందాలు ఈ లెక్కను పక్కన పెట్టేశాయి. హోమ్స్ తర్కం కొన్నిచోట్ల అతుకుల బొంత అని, ఆయన వెళ్లిన మూడో చోటుకు వెళ్లాలని ఏ మనిషికీ తట్టదని, లెక్క చూసుకుంటూ ఆడితే మంచి సన్నివేశాలు చదవకుండానే వదిలేయాల్సి వస్తుందని వాళ్ల వాదన. కేసుల వారీగా చూస్తే చాలాచోట్ల వాళ్లదే న్యాయం. అయినా ఆ స్కోరును పూర్తిగా కొట్టేయడం తప్పని నేననుకుంటాను. ఈ ఆటలో ఒత్తిడి పెట్టే పని చేస్తున్నది అదొక్కటే. అది లేకపోతే ప్రతి చిరునామాకూ వెళ్లొచ్చు, అన్నీ చదివేయొచ్చు, వదిలేయాలన్న నిర్ణయం అక్కర్లేదు, వీట్లీ ఫైలులా ఆధారాలన్నీ మళ్లీ ఒళ్లో వచ్చి పడతాయి. పైగా ఆ పోలికలో అవమానం ఉందని నాకనిపించదు. మనం ఆడుతున్నది వీధి కుర్రాళ్ల పాత్ర. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్ పక్కన సహాయకుడు రాజు చేసే పని లాంటిదే మనదీ, తిరిగి, అడిగి, తెచ్చి ముందు పెట్టడం. సరిదిద్దాల్సింది కొలబద్దను. హోమ్స్ ఊహించిన అడుగులకు బదులు, ఆ కేసును ముందుగా ఆడి చూసిన మామూలు బృందాలకు ఎన్ని చోట్లు పట్టాయో దాన్ని కొలతగా పెట్టొచ్చు. లేదా డిటెక్టివ్ ఆట చేసినట్టు గంటల గడువు పెట్టి, అది దాటితే తలుపు మూసేయొచ్చు. పాత పది కేసుల్ని మళ్లీ అచ్చు వేసేవాళ్లు చిరునామాల తప్పులు దిద్దడంతో పాటు ఈ ఒక్క పేజీని కూడా తిరగరాస్తే బాగుంటుంది.